వియ్యాలవారి హోటలు

చెన్నపట్నం సముద్రపుటొడ్డున మేడ హోటల్లో బస అంటే స్వర్గంలో బసేనని తిమ్మారెడ్డి ముద్దనూరులో రైలెక్కినప్పటి నుంచీ ఊదరగొడుతూనే ఉన్నాడు. తిప్పితే నీళ్ళొచ్చే కుళాయిలంట, మీట నొక్కితే తిరిగే పంకాలంట, కూర్చుంటే దిగబడిపోయే పరుపులంట. పక్కన అతని భార్య రామసుబ్బమ్మ సద్దిమూట ఒళ్ళో పెట్టుకుని అన్నీ వింది. రేణిగుంట దాటాక ఒక్క మాట అడిగింది.

"ఆ పరుపుల మీద నిన్న పండుకున్నోడు ఎవుడయ్యా?"

తిమ్మారెడ్డి తుండుగుడ్డ ముఖం మీద కప్పుకుని నిద్రపోయాడు.

వాళ్ళు పోతున్నది భోగాలు అనుభవించడానికి కాదు, ఇల్లు చూడటానికి. వాళ్ళకు ఒక్కతే కూతురు, గురమ్మ. ప్రొద్దుటూరులో ఎవరిదో పెళ్ళిలో ఆ పిల్లను చూసి శివారెడ్డి తన కొడుక్కు అడిగాడు. శివారెడ్డిది బనగానపల్లె పక్క. కుర్రతనంలో మామిడికాయల బుట్టలు వేసుకుని చెన్నపట్నం పోయినవాడు, వ్యాపారం కలిసొచ్చి, విలాయతీకి తిరిగిపోతున్న ఒక తెల్లదొర దగ్గర ఈ హోటలు కొన్నాడు. అందులోనే పై అంతస్తులో కాపురం. కాబట్టి అతని ఇల్లు చూడాలంటే హోటలే చూడాలి.

రామసుబ్బమ్మ వాళ్ళ ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు చూడబోయినప్పుడు, ఆ ఇల్లు మనసుకు నచ్చితేనే పిల్ల తల్లి అక్కడ అన్నం ముట్టాలి. ముట్టిందా, పిల్లను ఇచ్చేసినట్టే. ఆ తర్వాత మాట వెనక్కు తీసుకోవడమన్నది వాళ్ళ వంశంలో లేదు. మగవాళ్ళ తిండి లెక్కలోకి రాదు, వాళ్ళు వారం రోజులు కూర్చుని పొట్టేలును తిన్నా సరే. అందుకనే ఆ సద్దిమూట. అందులో జొన్నరొట్టెలు, చెనక్కాయలు నూరిన ఊరుబిండి, ఇంత బెల్లం.

హోటలు గుమ్మంలో అడుగు పెట్టగానే రామసుబ్బమ్మ ముక్కుపుటాలు ముడుచుకున్నాయి. తడిగుడ్డను మూలన పడేసి మరిచిపోతే ఎలాంటి కంపు పుడుతుందో అలాంటి కంపు, దాన్ని కప్పిపుచ్చడానికి పైన చల్లిన సెంటు. గోడలకు చెమ్మ, తలుపులకు చెమ్మ. మెట్ల పక్క కడ్డీ పట్టుకుంటే చెయ్యి జిగురుజిగురుగా అంటుకుంది. ఉతికిన గుడ్డ తీగ మీద వేసి తిరిగి చూసేసరికి పెళపెళలాడే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి ఆమె. ఈ కొంప కట్టిన నాటి నుంచి ఒక్కసారన్నా ఆరిందా అని ఆమెకు అనుమానం వచ్చింది.

"రా వదినా, రా! ప్రయాణం బాగా జరిగిందా?" అంటూ శివారెడ్డి భార్య సుబ్బలక్ష్మమ్మ మెట్లు దిగి ఎదురొచ్చింది. పట్టుచీర, ముఖానికి పౌడరు, ముఖం నిండా నవ్వు.

"బాగా జరిగింది వదినా. ఇల్లు శానా బాగుండాది," అని రామసుబ్బమ్మ కూడా ముఖం నిండా నవ్వింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

వాళ్ళకిచ్చిన గది సంగతి చెప్పాలంటే ముందు ముక్కు మూసుకోవాలి. రామసుబ్బమ్మ పరుపు మీది తెల్లదుప్పటి కొస ఎత్తి చూసింది. కింద పరుపు నిండా మరకలు, ఒకదాని మీద ఒకటి, ఎవరెవరివో, ఎప్పటివో. కుట్లలో నల్లులు. అద్దం ముందు ఒక దువ్వెన, దాని పళ్ళ మధ్య ఎర్రటి వెంట్రుకలు నాలుగు, ఏ దొరసాని వదిలిపోయిందో. థూ! గదిలోనే ఇంకో తలుపు తీస్తే మరుగుదొడ్డి. పడుకునే చోటికీ దానికీ మధ్య ఒక చెక్కతలుపే అడ్డం. పక్కనే మనిషి పొడుగున తెల్లటి తొట్టి, దాని చుట్టూ లోపలివైపున జిడ్డుగీత.

"అందులో నీళ్ళు నింపుకొని కూర్చోవల్లంట," అన్నాడు తిమ్మారెడ్డి సంబరంగా.

"నీళ్ళు పోసుకుంటే ఒంటిమురికి కిందికి పోవల్ల. ఆ మురికిలోనే కూర్చోని నానేది కూడా ఒక స్నానమేనా? బర్రెగొడ్లు నయం గదయ్యా, లేచి కట్టకన్నా వస్తాయి!"

ఆ రాత్రి తిమ్మారెడ్డి పరుపెక్కాడు. ఆమె తాను తెచ్చుకున్న కంబళి నేల మీద పరుచుకుంది. కంబళి కింద ఇసుక కరకరలాడింది. పొద్దున లేచేసరికి భర్త వీపు నిండా దద్దుర్లు. గోక్కుంటూ కూడా, "ఏం మెత్తగా ఉండాదనుకున్నావే!" అన్నాడా మహానుభావుడు.

తిండి దగ్గర ఇంకా అన్యాయం. రామసుబ్బమ్మ మాంసం తినని మనిషి కాదు. పొట్టేలు తలకాయ కాల్చి కూరొండిందంటే నాలుగిళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు. కానీ కింద హాల్లో భర్త ముందు పెట్టిన పళ్ళెం చూసి ఆమెకు పేగులు నోట్లోకి వచ్చినంత పనయింది. ఎర్రగా ఉడికిన పీత, కాళ్ళూ కొండులూ అట్లాగే ఉన్నాయి. దాని పక్కన సగం ఉడికిన గుడ్డు. చెంచా గుచ్చితే పచ్చసొన చీములాగా కారింది. ఎంగిలి గుడ్డముక్కతో దొరలు నోళ్ళు తుడుచుకుని బల్ల మీదే పడేస్తే, పనివాడు దాన్ని మడిచి పక్కన పెట్టాడు. ఎంతమంది నోళ్ళలోనో తిరిగొచ్చిన చెంచాను తిమ్మారెడ్డి నాకిమరీ కింద పెట్టాడు. ఇరవై యేళ్ళు కాపురం చేసిన మొగుడే ఆ క్షణాన ఆమెకు రోతగా కనిపించాడు.

ఆమె గదిలోకి పోయి, జొన్నరొట్టె తుంచుకుని, ఊరుబిండి నంజుకుని తిన్నది. కట్టుబాటు నీళ్ళకు లేదు గనుక వాళ్ళిచ్చిన లోటాతో నీళ్ళు తాగింది. అవి వట్టి ఉప్పుకషాయం. కళ్ళు మూసుకుని మింగింది.

సాయంత్రం పెళ్ళికొడుకు ఓబుళరెడ్డి సముద్రం చూపిస్తానని తీసుకుపోయాడు. పిల్లవాడిలో తప్పు పట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. నెమ్మదస్తుడు, మాట మెత్తన, ఇసుకలో ఆమె కాలు దిగబడితే చెయ్యి అందించాడు. సముద్రమే, ఛీ, దాన్ని చూడటానికా ఇంత దూరం వచ్చింది! ఒడ్డు పొడుగునా ఎండేసిన చేపల కంపు, దాని మీద ముసిరిన ఈగలు. అలల దగ్గర జనం వరసగా కూర్చుని ఉంటే ఏదో వ్రతం అనుకుంది. దగ్గరికి పోయాక తెలిసింది వాళ్ళెందుకు కూర్చున్నారో. అల వచ్చి ఆ ఒడ్డునంతా కడిగి, అదే నీళ్ళు ఆమె పాదాల మీద పోసింది.

"ఎట్లుండాది అత్తా?" అన్నాడు ఓబుళరెడ్డి.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని గుటకెడు తాగేదానికి లేకపాయె నాయనా. ఇది చేసినోడికి బుద్ధుండల్ల!" అంది. పిల్లవాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. అక్కడే ఆమెకు చిక్కొచ్చిపడింది.

మరునాడు కూడా ఆమె ముద్ద ముట్టలేదు. సుబ్బలక్ష్మమ్మ నవ్వుతూ పిలవడం, ఈమె నవ్వుతూ ఆకలి లేదనడం. రొట్టెలు చెమ్మకు బూజు పట్టడం మొదలుపెట్టాయి. తిమ్మారెడ్డి ఇక ఆగలేక గది తలుపేసి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"ఏమే, నీ కాళ్ళు పట్టుకుంటా. ఎంగిలంటావు, కంపంటావు, నల్లులంటావు. నిజమే. నీ బిడ్డ ఏం జేస్తాందో ఈ పొద్దు అది చెప్పు."

ఆమె రొట్టె అంచున బూజు గిల్లి పక్కన పెట్టింది.

"నేను చెప్తా. పెన్న ఇసకలో చెలమ తవ్వుకోని కూర్చోనుంటాది. చిప్పతో తోడి తోడి కడవ నింపేసరికి నెత్తిన పొద్దెక్కతాది. రెండు కడవలు మోసుకోని గట్టెక్కితే మెడ పట్టేస్తాది. దాని బతుకు నీ బతుకులాగానే తెల్లారల్లనా? ఈడ తిప్పితే నీళ్ళు వస్తాయే! ఉప్పుగుంటే ఉండనీ."

ఆ మాట పోయి గుండెల్లో దిగింది. పదిహేనేళ్ళ పిల్ల అరిచేతులు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. రోజూ రాత్రి ఆ చేతులకు ఆముదం రాసేది తనే. పిల్లవాడు బంగారం. మామ పిల్ల కావాలని కోరి అడిగినవాడు. తన ముక్కు కోసం, తన కడుపులో తిప్పుడు కోసం పిల్ల బతుకు పాడుచేయాలా? రామసుబ్బమ్మ కళ్ళు తుడుచుకుంది.

"రేపు మధ్యాన్నం తింటా. అన్నం, పప్పు చాలు. ఆ కాళ్ళుండే పురుగులు నా విస్తట్లో వెయ్యొద్దని చెప్పు."

తిమ్మారెడ్డి సంతోషం పట్టలేక మెట్ల మీద పడబోయి తమాయించుకుని, పై అంతస్తులో కబురు చెప్పి వచ్చాడు. శివారెడ్డి అరిటాకులు తెప్పించాడు. ఊరి పద్ధతిలో నేల మీద బంతి వేద్దామన్నాడు.

మరునాడు భోజనాల వేళకు ముందు రామసుబ్బమ్మ ఆ తొట్టి ఒల్లక, పెరట్లో కుళాయి కింద నాలుగు చెంబులు పోసుకుని, వెనక మెట్ల మీదుగా వస్తోంది. మలుపులో దుప్పట్లు మడిచి పెట్టే గది. లోపలి నుంచి సుబ్బలక్ష్మమ్మ గొంతు వినిపించింది. ఆయా కృపమణితో మాట్లాడుతోంది.

"కృపమణీ, ఆ పల్లె ముసల్ది తాగిన లోటా వేరేగా పెట్టినావా? సోడా వేసి ఉడకబెట్టు. ఆమె ముట్టిన దుప్పట్లన్నీ మేడ మీద ఎండలో వెయ్యి."

"ఆమె మన దుప్పటి ముట్టనే లేదమ్మా. నేల మీద పండుకుంటాది."

"అదే మేలు. ఆ ఆముదం కంపు వరండా దాకా కొడతాండాది. ఎదురుగా నవ్వుకుంటా నిలబడలేక సస్తాండా. చేత్తో రొట్టె తుంచుకోని, ఏందో నూరుకొచ్చింది, అది నంజుకుంటా ఉంటే చూసినా. ఆ పొద్దు నేను అన్నం తినలేకపోయినా."

"పిల్ల శానా మంచిదంట గదమ్మా," అంది కృపమణి.

"పిల్ల మాత్రం ఎట్లుంటాది? అట్లనే ఉంటాది. మా ఆయనకు ఊరి పిల్లే కావాలంట, నేనేం జేసేది? వచ్చినాక నెల పొద్దులు వెనక గదిలో పెట్టి తోమించల్ల. ఆ పైన గానీ నా పక్కన కూర్చోనియ్యను. తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తాండాది."

రామసుబ్బమ్మకు తలుపు తన్ని లోపలికి పోయి ఆ పౌడరు మొహం మీద రెండు దులపాలన్నంత కోపం వచ్చింది. నా బిడ్డనా, తోమేది? చెయ్యి తలుపు దాకా పోయింది కూడా.

అక్కడ ఆగింది. తడికొంగు ముక్కుకు ఆనించుకుని వాసన చూసుకుంది. ఆముదం వాసనే. గురమ్మ తలదీ ఇదే వాసన. తనకెప్పుడూ అది వాసనగానే తోచలేదు, పిల్ల లాగానే తోచింది. సరే, ఆ మనిషి లోపల కూర్చుని అన్నది ఏమిటి? తాను ఇన్నాళ్ళూ దువ్వెన గురించీ, పరుపు గురించీ, పీత గురించీ అన్నదే కదా. ఆమె నవ్వింది, తానూ నవ్వింది. తన నవ్వు వెనక ఏముందో తనకు తెలుసు. అవతలి నవ్వు వెనకా అదే ఉందన్నమాట. కోపం ఎటు పోయిందో పోయింది. బిడ్డ గురించి భయం మిగిలింది.

బంతి వేశారు. ఆడవాళ్ళొక వరస, మగవాళ్ళొక వరస. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి. సుబ్బలక్ష్మమ్మ నవ్వుతూ పక్కన కూర్చుంది, కాస్త ఎడంగా. అందరి చూపూ రామసుబ్బమ్మ చేతి మీదే ఉంది. ఆమె చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుంది.

"తిను వదినా, చల్లారిపోతాది," అంది సుబ్బలక్ష్మమ్మ.

"వదినా, నీకొక మాట చెప్తా, కోపం జేసుకోవద్దు. వచ్చినప్పటి నుంచి మీ ఇంట్లో నాకు అన్నీ రోతగానే ఉండాయి. మీ పరుపు రోత, మీ చెంచాలు రోత, మీ సముద్రం రోత."

"రామసుబ్బీ!" అని అరిచాడు తిమ్మారెడ్డి.

"నువ్వు తినయ్యా. నువ్వు తింటే లెక్కలోకి రాదు." ఆమె మళ్ళీ సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగింది. "ఈయన నా కాళ్ళు పట్టుకున్నాడు. నీళ్ళున్నాయన్నాడు, పిల్లోడు మంచోడన్నాడు. పిల్లోడు మంచోడే. అయినా ఒక్క ముద్ద, ఒకే ఒక్క ముద్ద, నా గొంతు దిగలేదు. రోత పడినోళ్ళకు అది ఎంత కష్టమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేనేమో ఒక ముద్దే మింగలేకపోయినా. నువ్వు నా బిడ్డను బతుకంతా ఎట్ల మింగుతావు వదినా?"

శివారెడ్డి ఏమీ అర్థంకాక భార్య వైపు చూశాడు. సుబ్బలక్ష్మమ్మ తల ఎత్తలేదు. పౌడరు కింద ముఖం కందిపోయింది. ఓబుళరెడ్డి తల్లిని చూశాడు, ఆమె ముఖంలో ఏం కనబడిందో, తన విస్తట్లో నుంచి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

రామసుబ్బమ్మ నిండు విస్తరికి దండం పెట్టి లేచింది. గదిలోకి పోయి కంబళి చుట్టి చంకన పెట్టుకుని వచ్చేసరికి, సుబ్బలక్ష్మమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. ముఖం మీద నవ్వు లేదు. చేతిలో లోటా ఉంది.

"ఎండలో పోతాండావు. నీళ్ళన్నా తాగి పో వదినా," అంది చిన్నగా.

"వద్దులే వదినా," అంది రామసుబ్బమ్మ. "మళ్ళా ఉడకబెట్టుకోవల్ల."