మూత కింది పేరు

పప్పుకు తిరగమోత వేసిన చేతితోనే రేవతి సోల్డరింగ్ కడ్డీ అందుకుంది. వంటింటి గట్టు మీద తీగలు విప్పేసిన ఎలక్ట్రిక్ గిటారు పడుకుని ఉంది. నాదాన్ని పట్టి ఆంప్లిఫయరుకు పంపే పాత పికప్పులు గురగురమంటున్నాయని భర్త యోగానంద మద్రాసు నుంచి కొత్తవి తెచ్చాడు.

“సాయంత్రం చిత్తూర్లో పెండ్లి కచేరి. మూడుకంతా బిగిచ్చేయాల. ఎవురన్నా వస్తే కడ్డీ నా చేతికిచ్చి నువ్వు పొయ్యి కాడికి పో,” అని చెప్పి అతను ముందుగదిలో పేపరు పట్టుకున్నాడు.

తిరుపతి ఆర్కెస్ట్రాల వాళ్లందరికీ యోగానంద చేతిపని అంటే గురి. ఆ చేయి ఎవరిదో పోయిన ఉగాదికి ఆడపడుచు దగ్గర రేవతి నోరు జారింది. ఆడపడుచు గడప దాటగానే అతను మణికట్టు మెలిపెడితే గాజులు చిట్లాయి. “నా పరువు తీస్తావా?” అప్పట్నుంచి గేటు చప్పుడైతే చాలు, రేవతి కడ్డీ కింద పెట్టేస్తుంది.

మొదటి అతుకు కుదరలేదు. మెరవాల్సిన సీసం బూడిదరంగులో గడ్డకట్టింది. కరిగించి మళ్లీ పెట్టింది. పూతలపట్టులో రేడియోలు బాగుచేసే నాయన చెంగయ్య నేర్పిన పని ఇది. ఆయన ప్రతి రేడియో లోపలా పెన్సిలుతో పేరు, తేదీ రాసేవాడు. “బాగున్నా చెడినా ఇది మన పనేనని తెలియాల గదమ్మా.” పెళ్లయిన ఈ ఆరేళ్లలో ఆమె ఎక్కడా రాయలేదు.

తీగల కింద వైర్లను కప్పే మూత బిగించబోతూ ఆగింది. సరుకుల చీటీ రాసే పెన్సిలు తీసి, మూత లోపలివైపు రాసింది: రేవతి, 14-5-98. అంతలోనే మనసు మార్చుకుని, కొంగు తడిపి తుడవబోతుండగా గేటు చప్పుడైంది. కొంగు వదిలి గబగబా మరలు తిప్పేసింది.

వచ్చినది బేస్ గిటారు వాయించే ఫకృద్దీన్. యోగానంద గిటారును ముందుగదిలోకి పట్టుకుపోయాడు.

“ఇంగా తీగలు కట్టలేదు గదా, మూత తీసి సూపించప్పా. వైర్లు ఎట్ల కలిపినావో సూసుకోని నా గిటార్లో నేనే ఏసుకుంటా.”

“దానికేం బాగ్యం? రేవతీ, స్క్రూడ్రైవర్ తే!”

కనపడలేదండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్క్రూడ్రైవర్ గుప్పిట్లోనే ఉంది. ముందుగదిలోకి నడిచి, భర్త చాచిన చేతిని దాటి, దాన్ని ఫకృద్దీన్‌కు అందించింది.

“మీరే తీయండన్నా.”

పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. ఎడమ మణికట్టును కుడిచేత్తో గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడింది.