బల్లిరాయికి పచ్చరంగు

నడిసముద్రంలో, ఇంగ్లండువాళ్ల ఏలుబడిలో ఉన్న అసెన్షన్ దీవిలో ఉద్యోగం ఉన్నన్నాళ్లే మనిషికి చోటు. ఉద్యోగం అయిపోయిందా, మూటాముల్లే సర్దుకోవాల్సిందే. అక్కడే పుట్టినా అంతే. ఎల్‌ఫ్రీడా క్రౌయీ ముప్పై ఎనిమిదేళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి మొన్ననే రిటైరయింది. ఆవిడ భర్త హెన్సిల్ మూడేళ్ల క్రితం పోయాడు, ఆ దీవిలోనే సమాధి చేశారు. రోజూ ఆయన దగ్గరికి వెళ్లొస్తూ, చివరికి ఆయన పక్కనే మట్టిలో కలవాలన్నది ఆవిడ కోరిక.

మధ్యలో ఒకసారి దొరతనంవారు నివాసహక్కు ఇస్తామని ఆశపెట్టారు. పిచ్చితల్లి, నమ్మి సమాధి పక్కన చోటు కూడా చూసిపెట్టుకుంది. తర్వాత లేదు పొమ్మన్నారు. చెప్పినంత సులువుగా మాట మార్చారు!

ఆఖరిసారిగా అర్జీ పట్టుకెళితే, ఇంగ్లండు నుంచి వచ్చి ఆర్నెల్లయినా కాని కుర్ర అధికారి తల గోక్కున్నాడు.

"ఇక్కడ ఎవరికీ శాశ్వత నివాసం లేదమ్మా. ఎప్పట్నుంచో ఇదే విధానం. కావాలంటే చుట్టపుచూపుగా వచ్చి మూణ్ణెల్లు ఉండొచ్చు."

"మా ఆయనకీ ఉద్యోగం లేదుగా బాబూ, ఆయన్నెలా ఉండనిచ్చారు?"

పాపం, ఆ కుర్రాడు కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఓడ వచ్చిన రోజు స్నేహితురాలు మర్టిల్ కారులో రేవుకు తీసుకెళ్లింది. దారిలో బల్లిలా ఉండే రాయొకటి ఉంది. దీవి వదిలిపోతూ దానికి రంగు పూసినవాళ్లు ఇక జన్మలో తిరిగి రారని అక్కడివాళ్ల నమ్మకం. ఊరిమీద విసుగెత్తినవాళ్లు డబ్బాలకు డబ్బాలు కుమ్మరించి పోతారు.

"ఆపవే మర్టిల్," అని ఎల్‌ఫ్రీడా సంచీలోంచి పచ్చరంగు డబ్బా, కుంచె తీసింది.

"మతిగానీ పోయిందా అక్కా! క్రిస్మస్‌కి వస్తానన్నావ్, మా ఇంట్లోనే ఉంటానన్నావ్!"

"వస్తే మూణ్ణెల్లే కదే. మళ్లీ ఆయన్ని వదిలేసి ఇదే ఓడెక్కాలి. ఒక్కసారికే ప్రాణం పోతోంది, ఏటేటా నావల్ల కాదు."

కుంచె లాక్కోబోయిన మర్టిల్ చెయ్యి ఆగిపోయింది.

ఎల్‌ఫ్రీడా రాయి తల నుంచి తోకదాకా పూసింది. ఎక్కడా ఖాళీ వదల్లేదు. పూస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉంది, "నన్ను క్షమించు హెన్సిల్, నన్ను క్షమించయ్యా" అని.