ఓడెల్ కుడి చెంప

ఇది రెండు ముక్కల్లో అయిపోయే కథ. ఒక మనిషి చెంప మీద ఇంకో మనిషి చెయ్యి వేశాడు, అంతే. కానీ వేసింది ఎల్‌రాయ్ మంగలి షాపులో కాబట్టి, ముందు ఆ షాపు సంగతి చెప్పాలి. షాపు సంగతి ఎత్తితే ఎల్‌రాయ్ పనితనం గురించి చెప్పకుండా ఎవరివల్లా కాదు.

ఉత్తర ఫిలడెల్ఫియాలో ఆ వీధి మగవాళ్ళకి ఆదివారం చర్చిలో చూస్తే కుడి చెంపజుట్టు ఎడమదానికన్నా అంగుళం పైన ఉంటుంది. అది ఫ్యాషన్ కాదు. శనివారం పొద్దున ఎల్‌రాయ్ కత్తెర ఆడిస్తూ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ల మీద వాదిస్తాడు. ఎడమ పక్క కత్తిరిస్తున్నంతసేపూ పాతకాలం ఛాంపియన్ జెబ్ టాలివర్‌ని పొగుడుతాడు, చెయ్యి నెమ్మదిగా ఉంటుంది. కుడి పక్కకి వచ్చేసరికి డీకన్ పర్నెల్ గొంతు సవరించుకుని, "హోలిస్ బ్యాంక్స్ అయితే మీ జెబ్‌ని మూడో రౌండులో పడుకోబెట్టేవాడు" అంటాడు. కత్తెర అదుపు తప్పుతుంది. ఈ డీకన్, అంటే చర్చి పెద్ద, ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. చర్చిలో అందరి కోసం ప్రార్థిస్తాడు, షాపులో అందర్నీ తిడతాడు.

జెబ్ ఏలింది యాభైల్లో, హోలిస్ ఏలింది డెబ్బైల్లో. ఇద్దరూ ఏనాడూ ఎదురుపడలేదు, జెబ్ పోయి పద్దెనిమిదేళ్ళు. ఇంకో ఊళ్ళో అయితే ఇలాంటి వాదనకి సాక్ష్యం దొరకదు. ఇక్కడ ఓడెల్ మాప్ ఉన్నాడు.

ఓడెల్ పందొమ్మిదేళ్ళప్పుడు జెబ్ ప్రాక్టీసుకి ఎదురు నిలబడేవాడు. ఎడమ చెంపలో జెబ్ దెబ్బ ఉండిపోయింది. ముప్ఫై రెండో ఏట హోలిస్‌తో టైటిల్ పోరు దొరికింది. నలభై ఏడు సెకన్లలో కుడి చెంపలో హోలిస్ దెబ్బ ఉండిపోయింది. ఉండిపోయిందంటే వాపో మచ్చో కాదు, దెబ్బే. ఎవరైనా ఆ చెంపకి అరచెయ్యి ఆనిస్తే, అప్పుడే బయల్దేరినట్టు వచ్చి వాళ్ళ దవడకి తగులుతుంది. దెబ్బ తిన్నవాడి ఒంట్లో దెబ్బ నిలవుండటం ఆ వీధికి కొత్త కాదు. కానీ రెండు కాలాల దెబ్బలు ఒకే మొహంలో ఉన్నవాడు ఓడెల్ ఒక్కడే. అందుకే కిటికీ పక్క కుర్చీ అతనిది.

తాకినవాడు నేల మీద పడతాడు. ఎల్‌రాయ్ దువ్వెనతో బల్ల మీద కొడుతూ పదిదాకా అంకెలు చెబుతాడు. రెండు చెంపలకీ పడని మొనగాడు ఇంతవరకు రాలేదు, పడ్డవాడికి ఏ దెబ్బ ఎక్కువ బరువో గుర్తుండదు. కాబట్టి వాదన మళ్ళీ శనివారానికి. తాకిన ప్రతిసారీ ఆ దెబ్బ ఓడెల్‌కీ తగులుతుంది, తర్వాత మళ్ళీ అతని చెంపలోకే వచ్చి చేరుతుంది. నెప్పిగా ఉందా అని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఓడెల్‌కి కావలసింది ఒకటే. షాపు గోడ మీద పదకొండు ఫోటోలున్నాయి, పన్నెండో మేకు ఖాళీ. ఛాంపియన్ని నేల మీద పడేసినవాడికే ఆ గోడ మీద చోటని ఎల్‌రాయ్ తండ్రి పెట్టిన రూలు. ఓడెల్ తన ఫోటోకి ఫ్రేము కట్టించి ముప్ఫై ఏళ్ళుగా కోటు జేబులో మోస్తున్నాడు.

"ఓడెల్ అన్నా, కోట్లు మారాయి గానీ ఫోటో మారలేదే!" అంటాడు ఎల్‌రాయ్.

"అందులో నేను బాగున్నానురా."

"హోలిస్ ఎవర్ని కొట్టాడని అసలు? పాలు పోసేవాళ్ళనీ, ఇదిగో, ఈ ఓడెల్‌నీ!" అంటాడు ఎల్‌రాయ్ డీకన్ వైపు తిరిగి.

"ఓడెల్‌ని అలా తీసెయ్యకు. ఆ రోజుల్లో కొండ!" అంటాడు డీకన్.

"నలభై ఏడు సెకన్ల కొండ."

హోలిస్ గొప్పవాడు కావలసినప్పుడు ఓడెల్ కొండ, కాకూడనప్పుడు చెత్త. ఇవాళ తను ఏమిటో ఓడెల్ రాగానే అడిగి తెలుసుకుని కూర్చునేవాడు.

నవంబరులో ఒక శనివారం హోలిస్ బ్యాంక్స్ స్వయంగా వచ్చాడు. మోకాళ్ళదాకా బొచ్చుకోటు, మొహం నిండా కోపం.

"జెబ్ దెబ్బ నా దెబ్బకన్నా బరువని ఎవడ్రా కూసింది?"

ముప్ఫై ఏళ్ళుగా కూస్తున్న ఎల్‌రాయ్, "డీకన్ అన్నాడు ఛాంప్" అన్నాడు.

హోలిస్ కిటికీ వైపు తిరిగాడు. "ఈ మొహంలోనేనా మీ సాక్ష్యం? ఎవరు నువ్వు?"

"ఓడెల్ మాప్, ఛాంప్. డెబ్బైలో మనిద్దరం..."

"కొట్టినవాళ్ళందరి పేర్లూ గుర్తుపెట్టుకుంటే పెళ్ళాం పేరు మర్చిపోతాను."

"అదెలాగూ మూడుసార్లు మారిందిగా" అని డీకన్ గొణిగాడు, ఎవరికీ వినపడనంత జాగ్రత్తగా.

హోలిస్ వచ్చి ఓడెల్ ఎడమ చెంపకి చెయ్యి ఆనించాడు. తల విసురుగా వెనక్కి పోయింది, టోపీ పడింది, ఒక అడుగు వెనక్కి వేశాడు. మనిషి పడలేదు. షాపులో అలాంటిది ఎవరూ చూడలేదు.

"ఇంతేనా? దీనికా ఇన్నేళ్ళ గోల?" అని నవ్వాడు. ఓడెల్ ఎడమ కన్ను తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నాది చూద్దాం."

"కుడి పక్క వద్దు ఛాంప్" అన్నాడు ఓడెల్.

"నా చెయ్యి నన్నే కొడుతుందా ఏంటి?"

ఓడెల్ మళ్ళీ చెప్పబోయాడు. ఈలోగా అతని వేళ్ళకి జేబులో ఫ్రేము అంచు తగిలింది. చెప్పలేదు. కుడి చెంప కాస్త ముందుకి జరిపాడు.

హోలిస్ నిలువునా కూలాడు. ఎల్‌రాయ్ అలవాటుగా దువ్వెన అందుకుని అంకెలు మొదలెట్టాడు. ఏడు దగ్గర హోలిస్ బూటు ఒకటి కదిలింది. పది అయిపోయాక కూడా ఆ బూటొక్కటే కదిలింది. తుంటి ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. అంబులెన్సుకి ఫోన్ చేసే ముందు ఎల్‌రాయ్, కటింగు నమూనాల కోసం ఉంచుకున్న కెమెరాతో ఫోటో తీశాడు.

ఓడెల్ జేబులోంచి ఫ్రేము తీసి, అద్దం మోచేతికి రుద్దుకుని, మేకు దగ్గరికి నడిచాడు.

"ఆగన్నా. ఛాంపియన్ని పడేసిన దెబ్బ ఎవరిది?" అన్నాడు ఎల్‌రాయ్.

"హోలిస్‌ది" అన్నాడు డీకన్.

"మరైతే మేకు హోలిస్‌ది."

ముప్ఫై ఏళ్ళలో ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. నేల మీద వెల్లకిలా పడున్న హోలిస్ ఫోటో పన్నెండో మేకుకి ఎక్కింది. ఫోటో మూలన ఓడెల్ మోకాళ్ళు రెండూ బాగానే పడ్డాయి.

ఆ రోజు వెళ్ళిన దెబ్బలు రెండూ తిరిగి ఓడెల్ దగ్గరికి రాలేదు, హోలిస్ చెంపల్లోనే ఉండిపోయాయి. ఛాంపియన్ మొహం దొరికాక పాత చోటికి ఎందుకొస్తాయి? జనవరిలో హోలిస్ చేతికర్రతో వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇంకెక్కడా అతన్ని అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ అతని చెంపలు తాకేవాళ్ళ వరస తలుపు దాటిపోయింది.

ఓడెల్ ఆ వరస చివర నిలబడ్డాడు. మధ్యాహ్నానికి అతని వంతు వచ్చింది. హోలిస్ ఎడమ చెంప ముట్టుకోలేదు. కుడి చెంప మీద అరచెయ్యి వేసి, తీయకుండా ఉంచాడు. హోలిస్ కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. నెప్పిగా ఉందా అని ఓడెల్ అడగలేదు.

ఎల్‌రాయ్ దువ్వెన ఎత్తి కాసేపు చూశాడు. ఓడెల్ పడలేదు, అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. ఎల్‌రాయ్ దువ్వెన దించి, ఎవరిదో కుడి చెంపజుట్టు కత్తిరించడంలో పడ్డాడు. నిలబడ్డవాడికి అంకెలు చెప్పే ఆచారం ఆ షాపులో లేదు.