పంపు ఆగిన వారం

ఆమె మొగుడికి లోకంలో ఉన్న రోగాలన్నీ ఒక్కోసారి వచ్చి పోయాయి గానీ, పొరపాటు అనేది మాత్రం ఇంతవరకూ సోకలేదు. పెళ్ళయిన ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆయన ఒక్కసారి కూడా తప్పు బస్సు ఎక్కలేదు. ఆయన ఎక్కిన బస్సులే తప్పుదారిన వెళ్ళాయి. కూరలో రెండోసారి ఉప్పు వేసింది ఆయనే అయినా, మొదటిసారి వేసినట్టు ముందుగా చెప్పకపోవడం ఆమె నేరం. ఆఫీసులో గొడుగు మరిచిపోయి వస్తే, సాయంత్రానికల్లా వెలిసిపోవడం వాన నేరం.

ఆయన్ని అని లాభం లేదు. ముప్పై నాలుగేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. పొద్దున్నించి సాయంత్రం దాకా పైవాళ్ళ తప్పులు ఏరి జీతం తెచ్చుకున్నవాడికి, తనలోనూ ఒకటి ఉండొచ్చని ఎలా తడుతుంది? వీధిలో అందరూ ప్రూఫుల మాస్టారు అంటారు. ఎవరైనా శుభలేఖ తెచ్చిస్తే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, దిద్ది, అప్పుడు "తప్పకుండా వస్తాం" అంటారు.

ఆ ఎర్ర పెన్ను కన్ను పక్కింటి గొయ్యి మీద పడడంతో వచ్చింది చిక్కంతా.

పక్కన ఉన్న పాత డాబాని ఒక బిల్డరు కొని కూలగొట్టించాడు. అక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు వస్తుందన్నారు. పైకి వెళ్ళాల్సింది ముందు కిందకి వెళ్ళింది. కార్ల కోసం రెండు సెల్లార్లట. వీళ్ళ వెనక గదికీ గొయ్యి అంచుకీ మధ్య నాలుగడుగుల సందు, ఒక ప్రహరీ గోడ, అంతే. ఆ వెనక గదిలో ఆమె అత్తగారి మంచం.

రాళ్ళు కొట్టే మిషను మొదలైతే వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. "అమ్మాయ్, నా పళ్ళ సెట్టు గ్లాసులో దానంతటదే నవ్వుతోందే" అనేది అత్తగారు. మాస్టారు ఒక పొడుగాటి నోటుపుస్తకం కొన్నారు. తేదీ, వేళ, మోత రకం. మోతలకు తరగతులు కూడా పెట్టారు: కఠోరం, అతి కఠోరం, అసహ్యం. మూడు నెలలు ఒక్కరోజు తప్పకుండా నింపి, చివరికి మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళకి అర్జీ తయారుచేశారు. ఆమె దస్తూరీ గుండ్రంగా ఉంటుందని శుభ్రంగా ఆమె చేతే రాయించారు. ఆమె కూడా హుషారుగానే రాసింది. కాసేపు కునుకు తీయాలని ఎవరికుండదు?

ఆ రోజే, అర్జీ సంగతి ఎవరు చెప్పారో గానీ, సైటు మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. ఎండకి కమిలిపోయిన మొహం, చెవి వెనక పెన్సిలు.

"సారూ, మిషను సంగతి మీ ఇష్టం. పంపు జోలికి మాత్రం రాకండి. ఊట నీళ్ళు ఎప్పటికప్పుడు తోడాలి. అది మా కోసం కాదు, మీ కోసమే తిరుగుతోంది."

"ఇది బెదిరింపు కింద రాసుకోనా, సలహా కింద రాసుకోనా?" అన్నారు మాస్టారు, పుస్తకం తెరుస్తూ.

మేస్త్రీ ఆయన్ని చూశాడు, ఆమెని చూశాడు, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మనిషి వీధి మలుపు తిరగకముందే మాస్టారు ఎర్ర పెన్ను తీసి, అర్జీ అడుగున, ఆమె గుండ్రటి అక్షరాల కింద ఇంకో ముక్క చేర్చారు: రేయింబవళ్ళు మోగే నీళ్ళ పంపుతో సహా.

సోమవారం ఆఫీసువాళ్ళు వచ్చి సైటు గేటుకి కాగితం అంటించి వెళ్ళారు. ఇరవయ్యారో తేదీన విచారణ, అంతవరకూ సైటులో ఏ యంత్రమూ తిరగకూడదు. మాస్టారు వీధంతా రెండుసార్లు నడిచొచ్చారు. అత్తగారు భోజనం చేసి నాలుగు గంటలు గుర్రు పెట్టి పడుకుంది. ఆమె కూడా ఆ రోజు, చాలా కాలానికి, గడియారం టిక్కుటిక్కుమనడం వింది.

మంగళవారం మధ్యాహ్నం ఇంకోటి వింది.

బుడుంగ్.

పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గోడ అవతల, కింద ఎక్కడో, నీళ్ళలో ఏదో పడింది. కాసేపటికి మళ్ళీ ఒకటి. చేతిలో తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఈ చప్పుడు లేదా? ఉన్నా మిషను మోతలో వినిపించలేదా? మూడోది వినిపించాక దుప్పటి బకెట్లో పడేసి లోపలికి వచ్చేసింది.

బుధవారం పొద్దున పాలు పొంగాయి. పొంగడం వింత కాదు, ఆమె చేతిలో వారానికి మూడుసార్లు పొంగుతాయి. కానీ ఒక్క పక్కకే పొంగాయి, గొయ్యి వైపు. గిన్నె తిప్పి పెట్టింది. మళ్ళీ అటే. గిన్నె దించి, స్టవ్వు పక్కన గట్టు మీద పళ్ళెంలో నీళ్ళు పోసి చూసింది. నీళ్ళు ఒక అంచున నిండుగా ఉన్నాయి, రెండో అంచున పళ్ళెం అడుగు మెరుస్తోంది.

పళ్ళెం అక్కడే వదిలేసి హాల్లోకి వచ్చింది.

"ఏమండీ, వంటింటి గట్టు వాలింది."

"ఎటు?" అన్నారు మాస్టారు పేపరు వెనకనుంచి.

"గొయ్యి వైపు."

"ముప్పయ్యేళ్ళ ఇల్లు. నీకు మోకాళ్ళు నొప్పి పెట్టడం లేదూ? దానికీ పెడతాయి."

"వెనక గది తలుపు కూడా పడటం లేదు. నిన్నటిదాకా పడేది."

"వాన గాలికి చెక్క ఉబ్బుతుంది. పెద్ద చదువు చదివావు, ఆ మాత్రం తెలియదూ?"

ఆమె చదివింది చరిత్ర. అందులో కోటలు కూలడం ఉంది గానీ తలుపులు ఉబ్బడం లేదు. చేతులు కొంగుకి తుడుచుకుని సైటు గేటు దగ్గరికి వెళ్ళింది.

మేస్త్రీ ఒక్కడే సిమెంటు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. కూలీలందరూ వేరే పనికి వెళ్ళిపోయారు. ఆమెని చూసి లేచి, ఏమీ అడక్కుండానే గేటు సందులోంచి చూపించాడు. గొయ్యిలో నిచ్చెన ఒకటి వాల్చి ఉంది. దాని మెట్లు పన్నెండు. ఇప్పుడు ఏడే కనిపిస్తున్నాయి. మిగతాది పచ్చటి, కదలని నీళ్ళు. వాళ్ళ ఇంటి వైపు మట్టి గోడ అడుగున, నీళ్ళు తగిలే చోట, ఎవరో లోపలికి కొరుక్కు తిన్నట్టు గుల్లగా ఉంది. చూస్తుండగానే ఒక మట్టిపెళ్ళ ఊడి, బుడుంగుమంది.

"అడుగు నానిపోతోందమ్మా. అడుగు పోతే పైది నిలవదు. పైన ఉన్నది మీ గది" అన్నాడు మేస్త్రీ. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండునని ఆమెకి అనిపించింది.

"మరి పంపు వేయండి."

"వేస్తే నన్ను పట్టుకెళ్తారు. మీ అర్జీలో పంపు అని ఎర్రగా రాసి మరీ ఉందట. మా బిల్డరుకి ఫోన్ చేశాను. ఆపించింది వాళ్ళే కదా, పడితే వాళ్ళ ఇల్లే కదా అన్నాడు."

"మేం ఆఫీసుకి చెబితే?"

"మీరు కాదమ్మా. సంతకం పెట్టిన సారే చెప్పాలి, అది తప్పు అని. నీళ్ళు పోతేనే మావాళ్ళు కిందకి దిగి ఇసుక బస్తాలు పేర్చగలరు, దుంగలు దన్ను పెట్టగలరు." అతను చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సారు చెబుతారా?"

ఆమెకి ఆ భయంలో కూడా నవ్వొచ్చింది. సూర్యుణ్ణి కాస్త పక్కకి జరగమని అడిగినట్టుంది.

"బీట ఏమన్నా పడిందా లోపల?"

"కిటికీ మూలనించి కిందకి, సన్నగా."

"దానికి అడ్డంగా పలచటి కాగితం ముక్క జిగురుతో అంటించండి. ఆరాక బిగుసుకుంటుంది. గోడ వెంట్రుకవాసి కదిలినా చిరిగిపోతుంది. చిరిగిందంటే ఇంక ఆలోచించకండి, ముసలావిడని తీసుకుని బయటికి వచ్చేయండి."

ఇంట్లో పలచటి కాగితాలు చాలానే ఉన్నాయి. ఆమె మాత్రం తిన్నగా వెళ్ళి మాస్టారి నోటుపుస్తకంలోంచి ఒక పేజీ చింపింది. పోయిన నెల పదకొండో తేదీ. పేజీ నిండా పంపు మోతే. మైదా ఉడికించి జిగురు చేసి, మూడు ముక్కలు అంటించింది.

"గోడకేం చేస్తున్నావే?" అంది మంచం మీదనుంచి అత్తగారు.

"చీమలు వస్తున్నాయత్తయ్యా."

"కాగితం చూసి ఆగుతాయా?"

"మీ అబ్బాయి రాసింది చదివితే ఆగుతాయి."

ఆ రోజునుంచి ఆమె పని ఒక్కటే. కూర తరగడం, కాగితం చూడడం. నీళ్ళు పట్టడం, కాగితం చూడడం. గదిలోకి వెళ్ళేటప్పుడు కాలి మునివేళ్ళ మీద వెళ్ళేది, తన బరువు ఆ గోడకి తెలియకూడదన్నట్టు. గ్లాసులో పళ్ళ సెట్టు ఇప్పుడు నవ్వడం మానేసి, ఊరికే ఆమెని చూస్తోంది. ఇల్లంతా మౌనంగా ఉంది. ఈ మౌనాన్నే కదా తన చేతులతో గుండ్రంగా రాసి అడిగింది? రాళ్ళు కొట్టే మిషను మళ్ళీ మొదలైతే దాన్ని వాటేసుకునేటట్టు ఉంది ఆమె పరిస్థితి.

శుక్రవారమంతా వాన. శనివారం పొద్దున నిచ్చెన మెట్లు నాలుగే పైకి కనిపించాయి. పదకొండు గంటలకి చూస్తే కాగితాలు బాగానే ఉన్నాయి. పన్నెండుకి చూస్తే కింది రెండూ నిలువునా చిరిగి ఉన్నాయి. మూడోది ఆమె చూస్తుండగానే చిన్నగా, చీమ నడిచినంత చప్పుడుతో, విడిపోయింది.

 అత్తగారిని ఎత్తుకుని పరుగెత్తాలనిపించింది. కానీ ఆవిడ ఆ మంచం దిగమంటే దిగే రకం కాదు. మూడు రోజులుగా అడుగుతున్నా, "నన్ను హాల్లో పడేస్తావా" అనే మాటే. ఆమె గొంతు సరిచేసుకుంది.

"అత్తయ్యా, మీ ఆడపడుచు వస్తున్నారట. హాల్లో దివాను మీద ఆవిడకి పక్క వేస్తున్నా."

"దానికా?" ముసలావిడ లేచి కూర్చుంది. "ఫ్యాను కింద దానికెందుకూ? నా నడుం పట్టేసింది, ముందు నన్ను అక్కడ పడుకోబెట్టు. అది వస్తే కుర్చీలో కూర్చుంటుంది."

ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని, గోడ వైపు చూడకుండా, ఒక్కో అడుగే హాల్లోకి నడిపించింది. అక్కడ ఆగకుండా వీధి వరండాలోకి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. "దివాను దులిపి పిలుస్తా, ఇక్కడే ఉండండి" అంది. 

లోపల మాస్టారు నోటుపుస్తకం తిరగేస్తున్నారు. "ఏమోయ్, పదకొండో తేదీ ఏమైంది? ఇరవయ్యారున విచారణ. ఒక్క పేజీ లేకపోయినా సాక్ష్యం చెల్లదు."

"రండి, చూపిస్తా" అంది ఆమె.

గది గుమ్మంలో నిలబెట్టి గోడ చూపించింది. ఆయన కళ్ళజోడు ముక్కు మీదకి దించి వంగారు. తన అక్షరాలు. పంపు మోత, అసహ్యం, అని రాసిన చోట పంపుకీ మోతకీ మధ్య ఇప్పుడు వేలు పట్టేంత సందు. ఆ సందులోంచి చల్లటి గాలి వస్తోంది.

"నువ్వు చింపావా?"

"గోడ చింపింది."

"మైదా జిగురు ఆరితే కాగితం బిగిసి..." అని మొదలుపెట్టారు. పాపం, అలవాటు.

కింద ఏదో మూలిగింది. పెద్ద బండి గేరు మార్చినట్టు, కానీ నేల లోపల. కిటికీలోంచి కనిపించే ప్రహరీ గోడ, మూడు దశాబ్దాలుగా వాళ్ళు బట్టలారేసుకున్న గోడ, నెమ్మదిగా వీపు వాల్చి, కనిపించకుండా పోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నీళ్ళ చప్పుడు. గదిలో పళ్ళ గ్లాసు మంచం పక్క బల్ల అంచు దాకా జారి ఆగింది.

మాస్టారు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయారు. ఆయన్ని చెయ్యి పట్టి లాగాల్సి వచ్చింది. వరండా దాటుతుంటే అత్తగారు, "అదేమిటే ఆ చప్పుడు, వచ్చేసిందా అది?" అంది.  ఆవిడ్ని కుర్చీతో సహా ఎత్తి వీధి అవతల చెట్టు నీడలో దింపారు.

మేస్త్రీ అప్పటికే పరుగెత్తుకొస్తున్నాడు, చెవి దగ్గర ఫోనుతో.

"ఆఫీసరు గారు లైన్లో ఉన్నారు సారూ. ఇద్దరు మనుషులున్నారు, బస్తాలున్నాయి. ఇప్పుడు తోడితే గది దక్కొచ్చు. నా మాట మీద పంపు వేయనివ్వనంటున్నారు. మీరు చెప్పాలి."

మాస్టారు ఫోను రెండు చేతులతో పట్టుకున్నారు. అవతలి గొంతు ఆమెకి కూడా వినిపిస్తోంది.

"అర్జీ పెట్టింది మీరే కదండీ? ఇక్కడ నా ముందే ఉంది. పంపు ఆపమని ఎర్రగా రాసుంది. ఇప్పుడు వేయమంటున్నారు. దేన్ని నమ్మాలి?"

"అదండీ... ఆ అర్జీలో ఒకచోట... కాస్త ఎక్కువ పడింది."

"పడటమేమిటి? ఎవరు రాశారు?"

మాస్టారు ఆమె వైపు చూశారు. ఆ ఎర్ర ముక్క తప్ప అర్జీ మొత్తం ఆమె దస్తూరీయే. మా ఆవిడ రాసిందండీ అనొచ్చు, అబద్ధం కూడా కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఉప్పు విషయంలో అలాగే జరిగింది.  గొయ్యిలో ఇంకో పెద్ద పెళ్ళ జారి నీళ్ళలో పడింది, ఇంటి వెనక రేకు ఒకటి కిర్రుమంది.

"నేనే రాశానండీ" అన్నారు మాస్టారు. గొంతు పలచగా, కొత్తవాళ్ళ గొంతులా ఉంది. "మా ఆవిడ రాసిన కాపీలో ఆ ముక్క లేదు. తర్వాత నేను చేర్చాను. వద్దని మేస్త్రీ మా గుమ్మంలోకి వచ్చి చెప్పాడు, నేను వినలేదు. ఇల్లు వాలుతోందని ఈవిడ చెప్పింది, అదీ వినలేదు. తప్పు నాదండీ. నాదే. పంపు వేయించండి."