మసిగుడ్డలాంటి ఫిల్టర్లు

ఆస్పత్రిలో ఆయాసమొచ్చిన పిల్లలకి మందుని ఆవిరిలా పట్టించే మిషన్‌ని మూడు నెలలకోసారి బాగుచేసేది నేనే. ఈసారి మూత తీయగానే ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడూ మసిగుడ్డలా ఉండే గాలి ఫిల్టర్ తెల్లగా ఉంది.

"నా మిషన్ మీద ఎవడు చెయ్యేశాడు సిస్టర్? ఇంకో మెకానిక్‌ని పిలిచారా?" అని విరుచుకుపడ్డాను.

నర్సమ్మ నవ్వింది. "ఎవరూ ముట్టుకోలేదు తమ్ముడూ. పోయినసారి నువ్వు బిగించిందే అది. మన ఊరి చుట్టూ ఉన్న ఇటుక బట్టీల్లో టైర్లు కాల్చడం ఆపించేశారుగా!"

ఏళ్ళ తరబడి ఆవిడ నా దగ్గర పాత ఫిల్టర్లు అడిగి తీసుకునేది. చాదస్తం అనుకునేవాణ్ణి. అవన్నీ ఇప్పుడు గోడ మీద ఒక అట్టకి అంటించి ఉన్నాయి. ఒక్కోదాని కింద తేదీ, ఆయాసంతో వచ్చిన పిల్లల సంఖ్య. నిషేధం వచ్చేదాకా ఆ అట్ట పట్టుకుని అధికారుల ప్రాణం తోడేసిందట!

ఒకప్పుడు కిటకిటలాడిన బెంచీ మీద ఒక్క పాపే ఉంది.

సిగ్గుపడి, ఆ తెల్ల ఫిల్టర్‌నే మళ్ళీ బిగించబోయాను. ఆవిడ చెయ్యి చాచింది.

"కొత్తది వెయ్యి. అది ఇటివ్వు. అట్టలో ఆఖరి గడి దానికోసమే ఉంచాను."