నూనెతాటికి నీళ్ళు

మా బావ ఆగయ్య మలయా నుంచి తిరిగి వచ్చేటప్పుడు అందరిలాగా గడియారమో రేడియోనో తేలేదు. ఒక పెయింటు డబ్బా తెచ్చాడు. దాని నిండా పోకకాయలంత నల్లటి గింజలు.

ఆయన మా ఇంటాయనకు అన్న. పద్దెనిమిదో ఏట బొంబాయి పోయి, అక్కడి నుంచి ఓడెక్కి, ఏదో తోటలో పదహారేళ్ళు పనిచేశాడు. అక్కడ గొడవలై కూలోళ్ళను పంపించేస్తుంటే అరవై తొమ్మిది చలికాలంలో వచ్చి రామగుండం స్టేషన్లో దిగాడు. మా అత్త లింగవ్వ డబ్బా మూత తీసి చూసి ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వింది.

"పదహారేండ్లు సముద్రం అవతల ఉండి గివా బిడ్డా తెచ్చింది?"

"నూనెతాటి గింజలు అవ్వా. గెల కోసి పిండితే నూనె. ఒక్క చెట్టు ఇరవై ఐదేండ్లు కాస్తది."

"తాటికి కల్లు కారుతది. నూనె కారుడు ఏడన్న ఉన్నదా!"

నేను మాత్రం నవ్వలేదు. ఆ ఏడాదే, నా పెనిమిటి ముత్యం పక్కన పనిచేసే పోశం మీద బొగ్గుబాయిలో కప్పు కూలింది. శవాన్ని మా కంపెనీ క్వార్టర్ల లైన్‌లోకి తెచ్చినప్పుడు మొహం మీది గుడ్డ ఎవరినీ తియ్యనివ్వలేదు. ముత్యం బాయిలో పంపు ఖలాసీ. అడుగున ఊరే నీళ్ళను ఆపకుండా పైకి తోడెయ్యడం ఆయన పని. ఆ పంపు ఆగితే బొగ్గు పని ఆగుతుంది. ఆయన షిఫ్టుకు పోయినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా నాకు అన్నం దిగేది కాదు. ఆయన్ని ఆ బాయి నుంచి బయటికి తేవాలి, అంతే నా పట్టు. మాకు ఊళ్ళో రెండెకరాలు, ఒక మట్టిబాయి ఉన్నాయి. తోట కాస్తే డ్యూటీ మానాలని ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

"మొదటి గెల కోసిన్నాడు రాజీనామా కాగితం ఇస్త. సరేనా?" అన్నాడు ముత్యం.

"నా మీద ఒట్టు పెట్టు."

"నీ మీద ఎందుకే, అన్న డబ్బా మీద పెడ్త," అని ఆ పెయింటు డబ్బా మీద చెయ్యి పెట్టాడు.

ఆ గింజలు ఊరికే మొలవవు. రెండు మూడు నెలలు వేడిలో ఉండాలి. మలయాలో దానికి వేడి గదులు ఉంటాయట. మా క్వార్టర్లో బొగ్గు పొయ్యి ఉంది. తడి ఇసుకలో గింజలు కలిపి, ఆ డబ్బాను పొయ్యికి జానెడు దూరంలో పెట్టి, మరీ కాలితే జరిపి, చల్లారితే దగ్గరికి తెచ్చి, మూడు నెలలు కాపాడాను. ఊరి నుంచి వచ్చిన మా అత్త, "నా కోడలు గుడ్లు పొదుగుతున్నది, ఎవలూ ముట్టుకోకుండ్రి," అని లైన్ అంతా చెప్పింది. నూట ఇరవై గింజల్లో యాభై ఎనిమిది మొలిచాయి. ఏడాది బుట్టల్లో పెంచి, డెబ్బై ఒకటి వానల్లో ఎకరం నిండా నాటాము. గుంతలు ముత్యం తవ్వాడు. పది రోజులు పొద్దటి షిఫ్టు దిగి, నాలుగు మైళ్ళు సైకిల్ తొక్కుకుంటూ పోయి, చీకటి పడేలోపు తవ్వినన్ని తవ్వాడు. మొక్కలకు ముళ్ళుంటాయి. మా అందరి చేతులు గీరుకుపోయాయి.

మరుసటి ఏడు వానలు లేవు. బాయి నీళ్ళు మెల్లగా అడుక్కి పోయాయి. మా ఊరి బాయిల నీళ్ళన్నీ బొగ్గుబాయిలోకి జారుతున్నాయని కొందరు అన్నారు. వానల్లేకే అని కొందరు అన్నారు. ఏది నిజమో నాకు తెలియదు. మా అత్త మాత్రం కొడుకు కనపడినప్పుడల్లా ఒకటే మాట అనేది.

"నా కొడుక్కు రెండు బాయిలు. ఒకదాంట్ల నీళ్ళు తోడి తోడి పారబోస్తడు. ఇంకోదాంట్ల నోరు తడుపుకునేందుకు లేవు."

"ఆ బాయి కంపెనీదే అవ్వా. ఇది నాది," అని నవ్వేవాడు ముత్యం.

బావ, అత్త కడవలతో వాగు ఇసుకలో తవ్విన చెలిమల నుంచి మోసి చెట్లను బతికించారు. సెలవు రోజుల్లో నేనూ మోశాను. డెబ్బై మూడులో పూలు వచ్చాయి. మట్టల సందున చేతి వేళ్ళలాంటి కంకులు, దగ్గరికి పోతే సోంపు వాసన. మా లైన్లో పక్క క్వార్టరు మల్లక్కను కూడా తీసుకుపోయి చూపించాను. బావ ఒక్కో చెట్టూ తిరిగి చూసి, చివరికి గట్టు మీద కూలబడ్డాడు.

"అన్నీ మగయే," అన్నాడు. "వీటికి గెల రాదు."

మల్లక్క పడీపడీ నవ్వింది. "ఏందే సారవ్వా! నీ కడుపున ఇద్దరూ ఆడపిల్లలే, నీ చెట్లకేమో అందరూ మగపిలగాండ్లే. ఒకటి రెండు మార్పిచ్చుకోరాదు?"

నాకూ నవ్వొచ్చింది. బావకు రాలేదు. "నీళ్ళు చాలకుంటే ఈ చెట్టు మగ పువ్వే పెడ్తది. ఆడ పువ్వు పెడితే గెలను సాకాలె గద. గంత ధైర్యం దానికి చాలది," అన్నాడు.

ఆ మాటతో మళ్ళీ కడవలెత్తుకున్నాం. ఆ ఏడు వానలు కొంచెం నయం. డెబ్బై నాలుగు ఎండాకాలం రాగానే పదకొండు చెట్లకు ఆడ కంకులు వచ్చాయి. బావ మగ పూల పుప్పొడి దులిపి పల్చటి గుడ్డలో మూటకట్టి, ఒక్కొక్క ఆడ కంకి మీదా పౌడరు అద్దినట్టు అద్దాడు. మలయాలో ఆ పని ఆడోళ్ళు చేస్తారట. "అక్కడ నన్ను గీ పని ముట్టనియ్యకపోదురు. చూసి నేర్చుకున్న," అని చెప్పాడు. పదిహేను రోజుల్లో కంకులు పిడికిలంత గెలలయ్యాయి. నేను వాటిని పిల్లల తలల్లాగా నిమిరాను. ముళ్ళు గుచ్చుకున్నా నిమిరాను.

రోహిణి కార్తె వచ్చేసరికి మట్టిబాయి పూర్తిగా ఎండింది. చెలిమలు కూడా ఎండాయి. రెండు గెలలు నల్లబడి రాలిపోయాయి. ఆ సంగతి బావ కబురు పంపిన నాడు ముత్యం షిఫ్టు దిగి వచ్చి స్నానం చేస్తున్నాడు. నేను నీళ్ళ బిందె ఆయన ముందు దబ్బున పెట్టాను.

"కంపెనీ నీళ్ళన్నీ తోడెటోనివి, నీ చెట్లకు కడివెడు తోడలేవా?"

"బాయి ఇంకో రెండు గజాలు దించితే జల పడ్తది. ఆయితారం దిగుత."

"ఇయ్యాల బుధవారం. ఆయితారం దాక ఆ గెలలు నీ కోసం ఆగుతయా? నీకు ఆ బొగ్గుబాయే ముద్దు. అండ్లనే సావు!"

ఆయన తువ్వాల భుజాన వేసుకొని నా వైపు చూశాడు. పొద్దున ఎప్పటిలాగే అన్నం గిన్నె కట్టించుకొని, ఎప్పటి వేళకే సైకిల్ ఎక్కి పోయాడు. షిఫ్టుకే పోయాడనుకున్నాను.

పదకొండు గంటలప్పుడు మల్లక్క నల్లా దగ్గర బిందె వదిలేసి ఉరికొచ్చింది. "సారవ్వా! మీ ఊరాయన ఒకడు సైకిల్ మీద దవాఖాన దిక్కు పోవుకుంట ఒర్రిపోయిండే. బాయి కూలిందట. నిన్ను జల్ది రమ్మన్నడు."

ఆ మాట విన్నాక నాతో పాటు లైన్ అంతా లేచింది. అందరి మొగుళ్ళూ అక్కడే ఉన్నారు. చంకల్లో పిల్లలు, చేతులకు పిండి, అట్లాగే ముప్పై మంది ఆడోళ్ళం బొగ్గుబాయి దిక్కు ఉరికాం. నా చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు.

బాయి మీద మనుషుల్ని దించే చక్రం తిరుగుతూనే ఉంది. గేటు దగ్గర హాజరు రాసే మస్టరు గుమాస్తా మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం కూలింది? ఎవలు చెప్పిండ్రు? ఏం కాలే, పోండ్రి పోండ్రి!"

నేను ఆయన బల్ల పట్టుకున్నాను. "పంపు ఖలాసీ ముత్యం ఎట్లున్నడు సారూ?"

ఆయన పుస్తకం తిప్పాడు. "ముత్యం ఇయ్యాల నాగా. డ్యూటీకే రాలే." నేను నమ్మలేదని దీపాల గది చూపించాడు. ముత్యం నంబరు దీపం కొక్కేనికి వేలాడుతోంది. దీపం పైన ఉందంటే మనిషి కింద లేడు. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

ఆడోళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు. మల్లక్క రొప్పుతూనే నా నెత్తిన మొట్టింది. "మమ్ముల చంపినవు గదనే! నీ మొగడు నాగా పెట్టి ఏ కల్లు మండువల కూసున్నడో పోయి సూసుకో!" నేనూ నవ్వాను. దొరకనీ, ఆయన పని చెబుతాను అనుకున్నాను. ఎవరో చెంబుతో నీళ్ళిస్తే తాపీగా తాగాను.

కర్రల కుప్ప దగ్గర బిక్షం అన్న ఉన్నాడు. కప్పు కూలకుండా లోపల కర్రలు నిలబెట్టే టింబరు పని ఆయనది. మా నవ్వులు విని వచ్చాడు. సంగతి విని ఆయన మొహం మారిపోయింది.

"చెల్లె, ముత్యం నిన్న పొద్దుగూకినంక నన్ను కర్రలు అడిగిండు. ఇంటికాడి బాయి లోతు తియ్యాలె, పక్కల ఇసుక ఉన్నది, ఊతం పెట్టాలె అన్నడు. ఆయితారం నేనే తెస్త, అప్పటిదాక దిగకు అని చెప్పిన."

నా చేతిలో చెంబు ఇంకా ఉంది. మా ఊరాయన చెప్పిన బాయి ఏదో అప్పుడు తెలిసింది. ముప్పై మందిమి తప్పు బాయికి ఉరికాం.

బిక్షం అన్న లారీ ఒకటి ఆపి, చేతికందిన కర్రలన్నీ వేయించి, ఎనిమిది మందిని ఎక్కించి, నన్ను ముందు కూర్చోబెట్టాడు. మేం పోయేసరికి బావ బాయి లోపల చేతులతో ఇసుక తోడుతున్నాడు. తోడిన కొద్దీ పక్కల నుంచి జారుతోంది. ముత్యం ఛాతీ దాకా ఇసుకలో ఉన్నాడు. కాళ్ళ మీద బండ పడిందట. బిక్షం అన్న బావను బలవంతంగా పైకి రప్పించి, అందరినీ అంచు నుంచి దూరం జరిపి, తానే కర్రలు దించుకుంటూ దిగాడు. బొగ్గు గోడకు ఎట్లా పెడతారో అట్లాగే ఒక్కొక్క కర్ర పెట్టుకుంటూ పోయాడు. నన్ను అంచుకు రానియ్యలేదు గానీ లోపలి మాటలు వినబడ్డాయి.

"బిక్షమన్నా, ఆయితారం అన్నవు గద. ఇయ్యాల్నే తెచ్చినవేంది?" అన్నది ముత్యం గొంతు.

"నోరు ముయ్యి. ఊపిరి దాసుకో."

బయటికి తీసేసరికి మూడు గంటలైంది. దవాఖానలో మూడో రోజు పోయాడు.

దవాఖాన వరండాలో, మళ్ళీ ఇంట్లో, పదకొండు రోజులూ మా అత్త పెద్ద కొడుకు ఆగయ్యనే తిట్టింది. "నీ గింజలే నా కొడుకును మింగినయి. ఏ దేశంల పుట్టిన చెట్టో, మా నెత్తిన తెచ్చి పెట్టినవు. నువ్వు రాకుంటే వాడు బతికి ఉంటుండె." వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు. బావ తల వంచుకొని వినేవాడు. నేను అక్కడే కూర్చొని ఉండేదాన్ని. నోరు విప్పలేదు. నా మాటలు ఎవరికీ తెలియవనుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున బావ బట్టల మూట కట్టుకొని, గొడ్డలి తీసుకొని తోటకు పోయాడు. చెట్లు కొట్టేసి అటే పోతాడని తెలిసి వెనకాల పోయాను. అప్పటికే మూడు చెట్లు పడేశాడు.

"బావా, ఆగు. ఆయన్ను దిగమన్నది నేను. అండ్లనే సావు అన్న."

ఆయన గొడ్డలి దించలేదు. "నాకెరికే," అన్నాడు.

"ఎట్లెరుక?"

"దిగే ముందు చెప్పిండు. 'నిన్న సారవ్వ మస్తు తిట్టిందే అన్నా, ఇయ్యాల జల సూపిచ్చి దాని నోరు మూపిస్త' అని నవ్వుకుంట దిగిండు. నేనన్న ఆపకపోతి."

"మరి అత్తకు ఎందుకు చెప్పలే? గిన్ని తిట్లు ఎందుకు పడ్డవు?"

"నువ్వు ఇద్దరు పిల్లలతోని ఆ ఇంట్లనే బతకాలె. నేను యాడికన్న పోత. తప్పు పోయేటోని మీద ఉంటెనే మంచిది."

నేను ఆయన మూట ఎత్తుకొని ఇంటికి నడిచాను. మా అత్త వాకిట్లో కూర్చొని ఉంది. ఆమె ముందు నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. స్నానం దగ్గర అన్న మాటలు, ఆయన చూసిన చూపు, దీపం చూసి నేను నవ్వింది, చెంబు నీళ్ళు తాపీగా తాగింది, ఒక్కటీ దాచలేదు. వెనక బావ వచ్చి వీధి గడప అవతల నిలబడ్డాడు.

ఆమె నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. గోడ పట్టుకొని మెల్లగా లేచి, లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకుంది. కాసేపటికి లోపలి నుంచి మాట వచ్చింది.

"ఆగన్ని పోవద్దను."

నా పేరు తియ్యలేదు.