మొదటి గంట

భారతికి కాలు ఒకచోట నిలవడం లేదు. విజయనగరం ల్యాబులో యంత్రం ఇంకాసేపట్లో గీతలు చూపిస్తుంది. గీత ఎంత ఎత్తుంటే వైరస్‌ని కణం అంత గట్టిగా కట్టేసినట్టు. ఈసారీ గీత లేవకపోతే రెండేళ్ల పరిశోధన గోవిందా. టాపిక్ మార్పు కాగితం గైడు అనూరాధ మేడమ్ సిద్ధం చేసేశారు, సంతకమే తరువాయి.

భారతి పంతం ఒక్కటే. పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ లోపలికి రాగానే కణం ఊరుకోదు. తన డీఎన్ఏని చుట్టిపెట్టుకునే ప్రోటీన్లతోనే వైరస్ డీఎన్ఏనీ కట్టిపడేస్తుంది, నోరెత్తనివ్వదు. రుజువేదీ? వైరస్ సోకిన నాలుగో గంటలో నమూనా తీసిన ప్రతిసారీ వైరస్ ఏ కట్లూ లేకుండా దర్జాగా ఉంది.

"చుట్టనే లేదమ్మా, ఒప్పేసుకో," అన్నారు మేడమ్.

మొన్న ఆదివారం సొంతూరు ముక్కాంలో సముద్రపు ఒడ్డుకు పడవ రాగానే, చేపలమ్మే నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి, చేపలు తాజావో కాదో మొప్పలెత్తి చూసింది.

"అంత తొందరేటే మామ్మా? గంపలోకెత్తాక సూడొచ్చు కదా," అంది భారతి.

"అప్పటికి ఐసు నీళ్లు కొట్టెస్తారే! ఇంకేటి తెలుస్తాది, నా మొకం? పడవ కాడే సూడాల."

భారతి ఇసకలో ఆగిపోయింది. నాలుగో గంట అని తనకు చెప్పిందెవరు? ల్యాబులోని పాత నోటుపుస్తకం. చేపలవాళ్లింట పుట్టి, ఇన్నాళ్లూ తను బజారుకొచ్చిన చేపనే చూస్తోంది! సిగ్గేసింది. మరుక్షణం ఒళ్లంతా ఉత్సాహం పొంగింది. చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది.

సోమవారం కణాలకు వైరస్ ఎక్కించి గంటకి, రెండు గంటలకి, నాలుగు గంటలకి నమూనాలు తీసింది. ఒక పళ్లెంలోని కణాలకు ముందే ఒక మందు కూడా వేసి ఉంచింది. ఇవాళ ఫలితం.

తెర వెలిగింది. మొదటి గంట గీత నిటారుగా లేచింది. చుట్టింది! రెండో గంటకి సగానికి జారింది, నాలుగో గంటకి నేలకంటింది. మందు వేసిన పళ్లెంలో మాత్రం నాలుగో గంటకీ దిగలేదు. ఆ మందు ఆపేది కట్లు విప్పే కణం సొంత ఎంజైమునే. అంటే దొంగ ఇంటివాళ్ల చేతే కట్లు విప్పించుకుంటున్నాడన్నమాట!

"మేడమ్!" భారతి కేకకి వరండాలో పిల్లలు తొంగిచూశారు.

మేడమ్ టాపిక్ మార్పు కాగితంతోనే వచ్చారు. తెర చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఒక్కసారికి నేను నమ్మను. మూడుసార్లు రావాలి."

భారతి ముఖం వాడిపోయింది.

మేడమ్ కాగితం అడ్డంగా చింపి, తెల్లకోటు తొడుక్కున్నారు. "జరుగు. రెండోసారి నేను చేస్తాను. గంట కాదు, మొదటి పది నిమిషాల నుంచీ చూద్దాం."